రోజుకు నాలుగుసార్లు పాస్‌వర్డ్

కొత్తగా చేరిన వినోదిని కంప్యూటర్ మీద కంపెనీ కంప్యూటర్లు చూసుకునే నవనీతకృష్ణన్ మొదటిసారి కొట్టిన పాస్‌వర్డ్ తప్పయింది. అంతవరకూ తమిళంలో మాట్లాడిన ఆమె, వెనక నిలబడి తనలో తాను అనుకున్నట్టు తెలుగులో, "పాపం, ఈయనకీ తెలీదేమో" అంది.

అతని వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. పీలమేడులోని ఆ పంపుల కంపెనీలో అతనికి తెలుగు వినబడడం అదే మొదలు. ఇంట్లో వినబడి మూడేళ్లయింది, భార్య భువనేశ్వరి పోయినప్పటినుంచి.

"మీ మాట వింటే తేని జిల్లా పక్కలా ఉందే?" అని తెలుగులోనే అడిగాడు. వినోదిని నాలుక కరుచుకుంది.

కంపెనీలో కంప్యూటర్లన్నీ లినక్స్‌కు మారాయి. పంపుల మీద అతికించే లేబుళ్ల ప్రోగ్రామ్ ప్రింటర్ సెట్టింగులను మారుస్తుంది గనుక, తెరిచిన ప్రతిసారీ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగేది. అది నవనీతకృష్ణన్ ఒక్కడికే తెలుసు. వినోదిని ఫోన్ చేస్తే రెండంతస్తులు దిగి వెళ్లేవాడు. ఆమె మర్యాదగా మొహం కిటికీవైపు తిప్పుకునేది. అతను పాస్‌వర్డ్ కొట్టి, వాన వచ్చేలా ఉందనో, టీ చల్లారిపోతోందనో ఒక మాట అని వచ్చేసేవాడు. అలా రోజుకు నాలుగుసార్లు. ఆ నాలుగు మాటలే అతని రోజంతటికీ తెలుగు.

ఆ ఒక్క ప్రోగ్రామ్‌కు, ఆమె ఒక్కతెకు, పాస్‌వర్డ్ అక్కర్లేకుండా చిన్న రూల్ రాయొచ్చు. అయిదు నిమిషాల పని. రేపు చూద్దామనుకుంటూ నాలుగు నెలలు గడిపాడు.

ఒక శుక్రవారం అతను వేరే బిల్డింగ్‌లో ఉండగా లేబుళ్లు ఆగిపోయాయి. లారీ కాచుకుని ఉంది. మేనేజర్ గోవిందరాజ్ అందరి ముందూ వినోదినిని కసిరాడు. నవనీతకృష్ణన్ వచ్చేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయినా తప్పు అతని మీదికి నెట్టలేదు. ఆ సాయంత్రమే రూల్ రాసి, ఇక తనను పిలవనక్కర్లేదని మెసేజ్ పెట్టాడు. థాంక్స్ సార్ అని జవాబొచ్చింది.

తొమ్మిది రోజులు ఫోన్ మోగలేదు. వాన పడింది, వెలిసింది. ఆ సంగతి చెప్పుకోవడానికి మనిషి లేదు. రూల్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామన్న సాకుతో ఒక మధ్యాహ్నం, ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు తెరిచారో రాసి ఉండే ఆ కంప్యూటర్ లాగ్ తెరిచాడు.

రూల్ బాగానే పనిచేస్తోంది. వినోదిని పొద్దున ఒకసారి ప్రోగ్రామ్ తెరిచి, సాయంత్రం దాకా అలాగే ఉంచుతోంది. కానీ అంతకుముందు నాలుగు నెలలూ పొద్దున పదికి తెరిచి, పన్నెండుకి, రెండుకి, నాలుగింటికి మూసి మళ్లీ తెరిచింది. అన్నిసార్లు మూయాల్సిన పనే లేదు.

ఆ వరుసలు రెండుసార్లు చదివి, ఎవరూ పిలవకుండానే మెట్లు దిగాడు.

"లాగ్ చూసినా," అన్నాడు. "దినానికి నాలుగు తూర్లు ఎందుకు మూస్తుంటిరి?"

వినోదిని కీబోర్డువైపు చూస్తూ అంది, "తూరికి ఒక మాటే కదా సార్ మీరు మాట్లాడేది. అది నాకు చాలలే."

"ఆ రూల్ నేను మొదటి వారమే రాసుండొచ్చు," అన్నాడు అతను. "రాయలే."

"ఎందుకు?"

"రాస్తే మీరు పిలవరు కదా."

ఆమె తలెత్తింది. "ఇప్పుడూ పిలవలే. వచ్చినారు కదా," అంటూ పక్క కుర్చీలోని లేబుళ్ల కట్ట తీసి కింద పెట్టింది.