లక్ష వత్తుల నిడివి

పరాకు తీసేసరికి సోమలింగం కడచూపు మందిరం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా భుజాల మీద తడిసి ఉంది. దారిలో వాన పడిందన్నమాట. ఇంటి దగ్గర చెప్పులు వేసుకున్నది గుర్తుంది, ఆ తర్వాత ఇదే. మధ్యలో నలభై నిమిషాలు కాళ్ళు నడిచాయి, కళ్ళు దారి చూసుకున్నాయి. తను మాత్రం పరాకులో, చెవిబిళ్ళ చూపించే చల్లని తోటలో ఎక్కడో ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుగా రోజూ ఇంతే. ధవళేశ్వరంలో బిళ్ళ ఉన్నవాళ్ళందరికీ ఇంతే.

లోపలికెళ్ళి, గోడ మీది పటానికి దణ్ణం పెట్టుకుని పేర్పు బల్ల ముందు కూర్చున్నాడు. ఆ రోజు పని మూడో గది. పేరు అచ్చాయమ్మ, వయసు ఎనభై నాలుగు. సాయంత్రం దాకా ఉండొచ్చని వైద్యులు రాశారు. పోయేవాళ్ళకి చివరి మూడు గంటలూ వాళ్ళ బతుకునే తెర మీద చూపించడం మందిరం పని. ఆ ముక్కలు ఏరి వరసగా పేర్చడం సోమలింగం పని.

మనసు పూర్తిగా ఉన్నచోటే చెవిబిళ్ళ రాసుకుంటుంది. పరాకులో గడిచినది దానికి పట్టదు. అలా రాసుకున్నదాన్నే నిడివి అంటారు. అచ్చాయమ్మ నలభయ్యో ఏట బిళ్ళ పెట్టించుకుంది. ఈ నలభై నాలుగేళ్ళకి ఆమె నిడివి యాభై నిమిషాలు. తక్కువేం కాదు. నిన్నటి పెద్దాయనకి పదకొండే వచ్చాయి.

మిగిలిన వేళకి అతుకులు వేస్తారు. గిడ్డంగిలో అన్నీ ఉన్నాయి. పసిపిల్ల నవ్వు, తొలకరి, పూజగది, గోదారి మీద పొద్దు. ఏది సొంతమో ఏది అతుకో పోయేవాళ్ళకి చెప్పకూడదన్నది మందిరం మొదటి నియమం.

అచ్చాయమ్మ కోరిక చీటీలో ఒకటే మాట ఉంది: నా లక్ష వత్తులు.

బిళ్ళలో వెతికాడు. పత్తి, వత్తి, కార్తీకం, నోము. ఎలా అడిగినా శూన్యమే వచ్చింది. లక్ష వత్తుల నోము ఆమె పట్టిన మాట నిజం, చేతులు లక్ష వత్తులూ చేసిన మాట నిజం. మనసు మాత్రం ఒక్కదాని దగ్గరా లేదు. గిడ్డంగిలో ‘వత్తులు, ఆడవారి చేతులు, గంటన్నర’ అన్న అతుకు ఉంది. దాన్ని వేయబోయి ఆగాడు.

ఎనిమిదేళ్ళ కిందట ఇదే బల్ల మీద తన తల్లికి గిడ్డంగిలోని ఒక వాకిలి అతికాడు. ఆవిడ చూస్తూ చూస్తూ, “లింగం, ఈ వాకిట్లో నందివర్ధనం లేదేరా,” అంది. “ఉందమ్మా, అవతల పక్కనుంది,” అన్నాడు. ఆ అబద్ధం వింటూనే ఆవిడ పోయింది. పోయేటప్పుడు మనసు ఎక్కడుంటే ప్రాణం అక్కడికే చేరుతుందని చిన్నప్పుడు తనకి చెప్పింది ఆవిడే. అప్పటికింకా ఊళ్ళోకి పరాకు రాలేదు. పాలు తోడుపెట్టేటప్పుడు ఆవిడ చిటికెన వేలు గిన్నెలో ముంచి, వేడి తెలిసేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇల్లంతా ఆ వేలి కోసం ఆగినట్టుండేది. ఏటా తద్దినం నాడు పిండం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా సోమలింగానికి ఒకటే అనుమానం. అమ్మ ఎవరి వాకిట్లో ఉందో.

అతుకు వేయకుండానే లేచి మూడో గదికి వెళ్ళాడు.

మంచం పక్కన అచ్చాయమ్మ చెల్లెలు బుల్లెమ్మ కూర్చుని ఉంది. ఆమెకి చెవి వెనక బిళ్ళ లేదు. వేళ్ళ నిండా కత్తిపీట గాట్లున్నాయి.

“ఏవండీ, తెర ఎప్పుడేస్తారు? మా అక్క పొద్దుట్నించీ పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంది,” అంది బుల్లెమ్మ.

“నోరు ముయ్యవే,” అంది అచ్చాయమ్మ. “పోయేదాంతో కూడా వెటకారమేనా?”

“పోయాక ఎవరితో ఆడను మరి?”

సోమలింగం మంచం దగ్గరికి ముక్కాలిపీట లాక్కున్నాడు. “అమ్మా, మీ వత్తులు బిళ్ళలో లేవండి.”

“ఒక్కటీ లేదా?”

“లేదండి. కావాలంటే వేరేవాళ్ళ చేతులు చూపిస్తాను. మీకు తేడా తెలీదు. కానీ అవి మీవి కాదండి.”

అచ్చాయమ్మ దుప్పటి మీద చేతులు వెల్లకిలా పెట్టి చూసుకుంది. “పొద్దున్నే చాటలో పత్తి పెట్టుకుని బిళ్ళ నొక్కుకునేదాన్ని. కళ్ళు తెరిచేసరికి బుట్ట నిండేది. ఎంత తొందరగా అయిందోనని సంబరపడేదాన్ని. అయితే బాబూ, అవన్నీ దేవుడికి ఎవరిచ్చినట్టు?”

“నాకంత తెలీదండి.”

“ఇచ్చినవి ఇచ్చినట్టే,” అంది బుల్లెమ్మ. “గుళ్ళో అవి వెలగడం నేను చూశాను. నువ్వే చూళ్ళేదు. నా పక్కనే గుడ్లప్పగించి తోటలో తిరుగుతున్నావు.”

అచ్చాయమ్మ కంటి కొస నుంచి ఒక బొట్టు దిండు మీదికి జారింది. బుల్లెమ్మ గాట్ల వేళ్ళతో దాన్ని తుడిచింది.

సోమలింగం మందుల బల్ల మీంచి దూది చుట్ట తెచ్చి ఆ చేతుల్లో పెట్టాడు. “ఇంకా మూడు గంటలున్నాయి. తెర వద్దు. పరాకూ వద్దు.”

పోగు జారకుండా వేళ్ళకి అద్దుకోమని బుల్లెమ్మ బొడ్డు సంచిలోంచి విభూతి పొట్లం తీసింది.

“సోమలింగం గారూ, మూడో గదిలో తెర ఖాళీగా ఉంది. అతుకు వేయండి,” అంది మందిరం గొంతు గోడలోంచి.

“వేయను.”

“కారణం చెప్పండి.”

“ఆవిడ చేతిలో పత్తి ఉంది.”

“ఆ కారణం జాబితాలో లేదు.”

సోమలింగానికి ఉద్యోగం పోవచ్చన్నది తట్టింది, కానీ అచ్చాయమ్మ వేళ్ళు అప్పటికే విభూతి అద్దుకుంటున్నాయి. మొదటి పోగు లావుగా వచ్చి తెగిపోయింది. బుల్లెమ్మ చెయ్యి చాచింది.

“నువ్వు ముట్టుకోకు,” అంది అచ్చాయమ్మ. కాస్సేపటికి, “అమ్మ కుడి మోకాలి మీద చేసేది కదే?”

“ఎడం మోకాలు.”

“కుడి.”

“కుడి మోకాలికి నొప్పి కదే ఆవిడకి. ఎడమే.”

“అవును, నొప్పి. నేనే నూనె రాసేదాన్ని,” అంది అచ్చాయమ్మ. మళ్ళీ పోగు లాగింది.

అచ్చాయమ్మ బొటనవేలు దూదిని నెట్టి, కాసేపాగి, మళ్ళీ నెట్టింది. సోమలింగానికి కిటికీ బయట చూరు నీళ్ళ చప్పుడు వినిపించింది. అది ఎప్పట్నించి పడుతోందో. మంచం పక్క పలక మీద నిడివి యాభై ఒకటైంది. కొంతసేపటికి యాభై ఎనిమిదైంది. పోయేవాళ్ళ గదిలో ఆ అంకె కదలడం అతనెప్పుడూ చూడలేదు.

మందిరం గొంతూ చూసినట్టు లేదు. “మూడో గదిలో నిడివి పెరుగుతోంది. లెక్క సరిచూసేదాకా అన్ని తెరలూ ఆపుతున్నాం,” అంది. ఏడు గదుల్లోనూ తెరలు తెల్లబడ్డాయి. గోడ అవతల ఎవరో ముసలాయన, “అబ్బాయీ, ఇక్కడే ఉన్నావా?” అన్నాడు. మంచం దగ్గరికి కుర్చీ జరిగిన చప్పుడైంది.

అచ్చాయమ్మ వత్తిని వెలుతురుకి ఎత్తి చూసింది. కొస కొంచెం వంకర. చెల్లెలి అరచేతిలో పెట్టింది.

“ఎన్నోది ఇది?” అంది బుల్లెమ్మ.

“మొదటిది.”

“తెర లేకుండా వచ్చిన ఈ నిడివి ఎవరి పేరున రాయాలి?” అని గోడ అడిగింది.

“మా అక్క పేరునే రాయి,” అంది బుల్లెమ్మ, గుప్పిట మూసుకుంటూ.

అచ్చాయమ్మ ఆ మాట వినలేదు. రెండో వత్తికి దూది తీసుకుని, మధ్యలో గింజ ఏమైనా ఉందేమోనని నెమ్మదిగా తడుముతోంది.