వీరవేణి రాసిన రైతు కథ

తొంభై ఎనిమిదిలో కాకినాడలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నప్పుడు కాలేజీ మ్యాగజైన్‌కి కథలు ఎంచే పని నాకిచ్చారు. అప్పటికి నావి రెండు కవితలు అచ్చయ్యాయి. అందుకని భూమ్మీద నడిచేవాణ్ణి కాదు.

నా క్లాసులోనే ఉన్న వీరవేణి ఒక రైతు కథ ఇచ్చింది. చక్కటి భాష. కానీ అందులో రైతు పొలానికి వెళ్తే, భార్య గాలి ఎటు వీస్తోందో చూసుకుంటూ, అతను తిరిగొచ్చేదాకా తల దువ్వుకోకుండా గుమ్మంలో కూర్చుంటుంది. మండపేట దగ్గర వరిచేల మధ్య పెరిగినవాణ్ణి, నవ్వాపుకోలేకపోయాను. క్యాంటీన్లో నలుగురూ వింటుండగానే అడిగేశాను.

"పొలానికెళ్లినాయన పదింటికల్లా అన్నానికొచ్చేస్తాడండీ. అంత భయమెందుకు? ఇంతకీ మీ నాన్నగారికి ఎన్నెకరాలేంటి?"

ఆమె కాగితాలు లాక్కుని వెళ్లిపోయింది. వారం రోజులు నావైపు చూడలేదు. ఆ చూపు కోసమే రోజూ క్లాసుకి వస్తున్నానని నాకప్పుడే తెలిసింది.

ఆ తర్వాత వాయుగుండం పట్టింది. క్లాసులు లేవని అందరూ వానలో కేరింతలు కొడుతుంటే వీరవేణి ఒక్కతే వరండా చివర నిలబడి గాలిని చూస్తోంది. ఆమె కథలోని భార్య నా కళ్లముందు నిలబడినట్టయింది. దగ్గరికెళ్లి, మీ నాన్నగారు సముద్రం మీదికెళ్తారా అని నెమ్మదిగా అడిగాను.

మాది ఉప్పాడ, చేపలు పట్టేవాళ్లం అంది. నిన్న వేటకెళ్లినవాళ్లు ఇంకా రాలేదంది. హాస్టల్లో మొదటి రోజే ఎవరో నీచు వాసనని మంచం దూరంగా జరుపుకుంటే, రైతు కూతుర్నని చెప్పేసిందట. తండ్రిని కాలేజీ ఛాయలకి రావద్దందట.

"అందరిలో కలిసిపోదామనుకున్నానండి. మాటతీరు మార్చుకున్నాను. చేప మానేశాను. భయం ఒక్కటే మారలేదు."

ఇద్దరం బస్సెక్కి ఉప్పాడ వెళ్లాం. మధ్యాహ్నానికి పడవలు తిరిగొచ్చాయి. వాళ్ల నాన్న అమ్మిరాజు గారు తడిసిన ఒంటితో ఒడ్డెక్కి, కూతుర్ని చూశారు. పక్కన నన్నూ చూశారు.

"ఎవరు కావాలండీ?" అని సొంత కూతుర్నే అడిగారు.

ఆమె ఆయన్ని గట్టిగా పట్టుకుని బావురుమంది. మా నాన్నండి, అని ఏడుస్తూనే నాకు చెప్పింది. పరాయి జీవితంలో లీనమవడమే రచన అని మాస్టారు చెబితే శ్రద్ధగా నోట్సు రాసుకున్నవాణ్ణి. దానికోసం ఒక మనిషి ఏమేం వదులుకుందో ఇప్పుడు చూశాను. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఆమె ఆ కథని సముద్రం మీద తిరగరాసింది. మ్యాగజైన్లో అదే మొదటి కథగా వేశాం. ఆ రోజే నా మనసులో మాట చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

"మీ ఇంట్లో మా నాన్నని ఏమని పిలుస్తారు?"

 ఊరెళ్లి ఆ మాటే అమ్మనడిగాను. చేపలు పట్టేవాళ్ల పిల్లా అని అమ్మ నెల రోజులు సణిగింది. ఓ ఆదివారం తనే పట్టుచీర కట్టుకుని, ఉప్పాడకి దారి చూపించమంది.

వాళ్లింట్లో చాప మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, అమ్మ తలెత్తింది.

"అన్నయ్యగారూ, పిల్లని మాకిస్తారా?"

అమ్మిరాజు గారు వెనక్కి తిరిగి, ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశారు.

"నిన్నే, నానా," అంది వీరవేణి, తన పాత మాటతీరులో.