ఇసుక కింద మంచినీళ్ళు

బడి నుంచి రాగానే నివేదిత పుస్తకాల సంచి గుమ్మంలో పడేసి తోటలోకి పరుగెత్తింది.

వాళ్ళ ఆకుకూరల తోట షోళింగనల్లూరులో కాలువ దాటాక, సముద్రం వైపు ఇసుక నేలలో ఉంది. అది 1993 వేసవి. వానలు లేక మద్రాసులో జనం బిందెలతో నీళ్ళ లారీల కోసం ఎదురుచూస్తున్నారు. నివేదిత వాళ్ళ అవ్వ పచ్చయమ్మ మాత్రం ఆ ఎండల్లోనే బావి నీళ్ళు రెండు కడవలతో మడి మడికీ మోసి తోటకూర పండించేది. ఆ కూర పొద్దున్నే బస్సెక్కి మైలాపూరు చేరేది.

కిందటి వారమే నాన్న మోహన్‌రాజ్ బావికి కరెంటు మోటారు పెట్టించాడు.

"అరగంటే వెయ్యాల. మళ్ళా నీళ్ళు ఊరినాకనే" అని అవ్వ గట్టిగా చెప్పింది.

ఆ రోజు పెద్దవాళ్ళు పెళ్ళికి వెళ్ళారు. మడులన్నీ తడిపేస్తే అవ్వకు మోసే పని తప్పుతుందనుకుంది నివేదిత. మోటారు వేసింది. అరగంటకు పావు వంతు మడులే తడిశాయి. ఆమె ఆపలేదు.

పొద్దు వాలుతుండగా అవ్వ వచ్చింది. పారుతున్న నీళ్ళు దోసిట పట్టి నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"ఎంతసేపు వేసినావు పాపా?"

"రెండు గంటలు... నీకు కష్టం తప్పుతాదని."

అవ్వ తిట్టలేదు. మోటారు ఆపి, పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈడ అడుగునుండేదంతా సముద్రం నీళ్ళే. వాననీళ్ళు దాని మింద మీగడ మాదిరి తేలతా ఉంటాయి. మెల్లగా తీసుకుంటే మీగడే వస్తాది. ఆశపడి లాగితే ఉప్పు పైకొస్తాది."

మూడో రోజుకు ఆకుల అంచులు మాడాయి. నాలుగు మడులు పీకేయాల్సి వచ్చింది. నివేదిత వెక్కి వెక్కి ఏడ్చింది.

అవ్వ బావి జోలికి పోలేదు. పక్క తోట గోవిందస్వామిని అడిగి, ఆయన బావి నుంచి కడవలతో నీళ్ళు మోసింది. అరవై ఐదేళ్ళ మనిషి, ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. నివేదిత చిన్న బిందెతో ఆమె వెనకే నడిచింది. సంతకం కూడా పెట్టడం రాని అవ్వకు కంటికి కనిపించని నీళ్ళ సంగతి ఇంత తెలుసా అని ఆశ్చర్యపోయింది.

మిగిలిన మడులు బతికాయి. మూడు వారాలకు వాళ్ళ బావి నీళ్ళు కూడా మళ్ళీ తియ్యగా మారాయి.

ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే పక్క తోటలో కొత్త మోటారు చప్పుడు వినిపించింది. గోవిందస్వామి మద్రాసుకు ఉత్తరాన ఉన్న మనలిలో ఫ్యాక్టరీ పని మానేసి కిందటేడే ఆ తోట కొన్నాడు. ఇక్కడి నేల ఆయనకు కొత్త.

"మామా, ఎంతసేపు వేస్తావు?"

"పొద్దు గుంకేదాకా ఆడనీలే."

"వొద్దు మామా! అరగంటే. లేకుంటే ఉప్పునీళ్ళొస్తాయి."

ఆయన నవ్వాడు. "చిన్నపిల్లవి, నీకేం తెలుసు?"

నివేదిత తల వంచుకుంది. తోట ఎండకు మాడిందనే ఇన్నాళ్ళూ అందరితో చెప్పింది. అవ్వ కూడా ఆమె గుట్టు బయటపెట్టలేదు.

"మా కూర ఎండకు మాడలేదు మామా. నేనే రెండు గంటలు మోటారేసి చెడగొట్టినా. నీ బావి బాగుండబట్టే మా మిగతా మడులు బతికినాయి."

ఆయన నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్ళి మోటారు ఆపాడు. ఇంకా తడవని మడుల వైపు దిగులుగా చూశాడు.

"మరి వీటికి ఎట్టా పాపా?"

నివేదిత సంచి గట్టు మీద పెట్టింది.

"కడవ ఏడుంది మామా?"