సంత రోజు కారు కదలదు

లక్ష్ముడు రైలు దిగి చీపురుపల్లి బజారంతా నడిచి వచ్చేసరికి, లక్ష్మీనరసమ్మ ఇంటి ముందు తాటాకు పాకలో కారు పక్కన పీట వేసుకుని కర్రతో ఆవుల్ని తోలుతోంది. తమ్ముడు వరసైన పినతండ్రి కొడుకు ఇంత పొద్దున్నే కోటబొమ్మాళి నుంచి వచ్చాడంటే మంచి కబురు తెచ్చి ఉండడని ఆమెకు వాడి మొహం చూడగానే తెలిసింది. కర్ర చేతిలోనే ఉండిపోయింది.

"అప్పా, పెద్దమ్మకి ఏటీ బాగోలేదు. నిన్నటి నించీ గంజి కూడా దిగడం లేదు. నరసని సూడాలి, నరసని తీసుకురా అంటన్నాది. పదకొండు గంటల పేసింజరుకి ఎల్పోదాం, బయల్దేరు."

లక్ష్మీనరసమ్మ వీధి వైపు చూసింది. ఆ రోజు సంత. తెల్లవారకముందే గోగునార మోపుల బళ్ళు, చింతపండు బళ్ళు, కుండల బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ బళ్ళ మధ్య నుంచి కారు బయటికి తీయడం మాట దేవుడెరుగు, సంత రోజు కారు పక్క నుంచి ఆమె లేవడానికే వీల్లేదు... కన్నతల్లి మంచంలో పడి పిలుస్తుంటే ఆమెకు ముందు గుర్తొచ్చింది ఆ సంగతే. కారు వచ్చిన ఈ ఏడు నెలల్లో మనిషి అలా తయారయింది.

ఆమె భర్త జగన్నాధం గోగునార వ్యాపారి. నార చేత్తో పట్టుకుని తడి ఎంతో చెప్పగలడు. ఎండాక ఎంత తరుగు పోతుందో తూచకుండానే లెక్కకట్టగలడు. ఉన్న ఒక్క కూతుర్నీ సాలూరులో లారీలున్న ఇంటికి ఇచ్చాడు. వియ్యంకుడి వాకిట్లో మూడు లారీలు నిలబడి ఉండగా తను జట్కా దిగడం ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. విశాఖపట్నం వెళ్ళి ఒకరు వాడిన అంబాసిడర్ కారు బేరమాడి తెచ్చాడు. తెచ్చిన నెలలోనే బండి ఇరుసు తగిలి ఎడమ తలుపు మీద అరచెయ్యంత సొట్ట పడింది. ఆ రోజు ఆయన రెండు పూటలా అన్నం ముట్టలేదు. విజయనగరం పంపి, రేకు సరి చేయించి, రంగు వేయించి తెచ్చిన వారానికే ఎవరో సంతకొచ్చినవాడు తలుపు పిడికి మేకను కట్టేసి పోయాడు.

ఇక ఆయన తన బుద్ధిబలమంతా ఉపయోగించాడు. నార వ్యాపారికి గోనెలకేం కొదవ? ఆరు గోనెల్లో వరిగడ్డి కుక్కి, పురికొసతో కుట్టి, కారుకు రెండు వైపులా పరుపుల్లా వేలాడదీశాడు. ఇరుసు తగిలితే గడ్డికి తగులుతుంది, రేకుకు తగలదు. ఆలోచన మంచిదే. కాని గడ్డి ఎక్కడుంటే పశువు అక్కడికి వస్తుందన్న సంగతి, ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసిన మనిషికి తట్టలేదు. ఊళ్ళో ఆవులన్నీ వచ్చి గోనెల్ని కొమ్ములతో కుమ్మడం మొదలుపెట్టాయి. గడ్డి తీసేస్తే బళ్ళ భయం, ఉంచితే ఆవుల భయం. మధ్యలో భార్యను పీట వేసి కూర్చోబెట్టాడు. పనివాళ్ళకు కారు తమది కాదు గనక కునుకు తీస్తారు, నీకైతే కారు నీది గనక కునుకు రాదు అన్నాడు.

నిజంగానే ఆమెకు కునుకు రాలేదు. కాని అది తనదని కూడా ఎప్పుడూ అనిపించలేదు. కారు లేని రోజుల్లో నెలకోసారి పేసింజరెక్కి తల్లి దగ్గరికి వెళ్ళేది. తల్లి నారాయణమ్మకు చూపు మందగించి మూడేళ్ళయింది. రైలు కూత వినగానే గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడేది. కూతురు తల దువ్వితే పసిపిల్లలా మెడ వాల్చేది. కారు వచ్చాక లక్ష్మీనరసమ్మ అక్కడికి వెళ్ళింది ఒక్కసారే. కారున్న ఇంటి ఆడది మూడో తరగతి పెట్టెలో కూర్చుంటే పరువు తక్కువ. కారులో వెళ్దామంటే దారి పొడవునా బళ్ళు. సుఖం కోసం తెచ్చిన వస్తువు ఉన్న సుఖాన్ని తరుగు కింద కొట్టేసింది... ఆ ఒక్కసారి వెళ్ళినప్పుడు నారాయణమ్మ కారును కళ్ళతో చూడలేక చేత్తో తడమబోయింది. "అత్తా, నీ కడియం తగిలి గీత పడుతాది" అన్నాడు జగన్నాధం. ముసలామె గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, "అవును సుమీ, ఎర్రిదాన్ని" అని నవ్వింది.

కబురు విని జగన్నాధం కొట్టులోంచి వచ్చాడు. లక్ష్ముడు చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. ఆయన కఠినుడు కాదు. అత్తగారికి ప్రతి ఏడూ బెల్లం, కందిపప్పు పంపే మనిషి.

"ఇయ్యాల కారు తీయలేంరా. ఆ బళ్ళు సూడు, సీమ దూరడానికి సందుందా? రేపు తెల్లారగట్ల బయల్దేరదాం."

"కారు ఎందుకండీ. లక్ష్ముడితో పేసింజరుకి ఎల్లిపోతాను" అంది లక్ష్మీనరసమ్మ.

"ఇంటి ముందు కారెట్టుకుని రైలుకా? టేసన్లో మన వర్తకులందరూ ఉంటారు. జగన్నాధం కారు పూజకెట్టుకున్నాడా అంటారు."

నీళ్ళ బిందె దించుతున్న జగ్గమ్మ ఊరుకోలేకపోయింది. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్న మనిషి, ఆమె నోటికి అడ్డం లేదు.

"అమ్మని ఎల్లనీ బాబూ. ఆ కర్ర నాకియ్యండి, నాను కూకుంటాను. మొగుడికే కాపలా కాసినదాన్ని, ఈ బండికి కాయలేనేటి?"

"నీ మొగుడు రెండుసార్లు లేసిపోయాడు గదే."

"మీ కారు లేసిపోదు కద బాబూ. దాన్ని మీరే కదలనివ్వరు."

లక్ష్ముడికి నవ్వొచ్చి ఆపుకున్నాడు. జగన్నాధం కోప్పడలేదు. భార్య వైపు తిరిగి, బేరం తెగని రైతుకు నచ్చజెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"ఇది ఇను. రైల్లో ఎల్తే మజ్జానం రెండు దాటాక సేరతావు. మంచం పక్కన కూకుని ఏడుస్తావు, అంతే గదా? రేపు కారులో ఎల్తే పొద్దున తొమ్మిదికల్లా ఉంటాం. అత్తని కారులో పడుకోబెట్టి తిన్నగా శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకుపోతాం. ఏది మేలో నువ్వే సెప్పు."

ఆమె ఆలోచించింది. రైలెక్కితే ఒక రాత్రి ముందు తల్లిని చూస్తుంది. ఆగితే తల్లికి డాక్టరు దొరుకుతాడు. తన కళ్ళ ఆశ ఒక వైపు, తల్లి ప్రాణం ఒక వైపు. పైగా అంతకుముందు రెండుసార్లు అమ్మ పోతుంది పోతుందని కబురొచ్చింది. రెండుసార్లూ లేచి కూర్చుని మజ్జిగన్నం అడిగింది. ఇన్ని విధాల తూచి, "అలాగే కానీండి" అంది ఆమె. ఆ మాట ఎవరూ ఆమె నోట బలవంతాన పెట్టలేదు. ఆ తరవాత జీవితమంతా ఆమెను కాల్చింది అదే...

"మరి నువ్వు రావేటి అప్పా?" అన్నాడు లక్ష్ముడు వెళ్ళబోతూ.

"రేపు కారులో వస్తానని సెప్పు. ఆస్పత్రికి తీసుకెల్తానని సెప్పు. అంతదాకా గంజి తాగమని సెప్పు."

వాడు బళ్ళ సందుల్లోంచి దూరి వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ పీట మీద కూర్చుంది. ఒక బండివాడు ఎడ్లను విప్పి గోనెల దగ్గరికి తోలబోతే అదిలించింది. పదకొండు దాటాక స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. ఆ కూతతోనే ఒక ఆలోచన ఆమె గుండెలో దిగబడింది. తను ఇవాళ రైల్లో వెళ్ళి, రేపు ఆయన కారు తెస్తే సరిపోయేది కదా. అమ్మను చూసినట్టూ అయ్యేది, ఆస్పత్రికి తీసుకువెళ్ళినట్టూ అయ్యేది. ఇదా, అదా అని ఇద్దరూ తూచారే గాని, రెండూ ఒకే తక్కెట్లో పెట్టొచ్చని ముప్పై ఏళ్ళు వర్తకం చేసినవాడికీ తోచలేదు, ఆయన ఇల్లాలికీ తోచలేదు.

"జగ్గమ్మా... నాను రైలెక్కి, ఆయన కారు తెస్తే అయిపోను గదే..."

జగ్గమ్మ కర్ర ఆమె చేతిలోంచి తీసుకుని తనే ఆవుల్ని తోలింది. లక్ష్మీనరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, సంత విడిచే దాకా, చివరి బండి కదిలే దాకా అక్కడే కూర్చుంది. ఎక్కడికి పోతుంది? అటు పోయే తరవాతి రైలు మర్నాడే.

మర్నాడు తెల్లవారుతుండగా డ్రైవరు సోములు గోనెలు విప్పి కారు తీశాడు. దారిలో బండి కనిపించినప్పుడల్లా జగన్నాధం "ఆపు, పక్కకి తియ్యి, ఎల్లనీ" అంటూనే ఉన్నాడు. నిన్నటి సంత నుంచి ఆలస్యంగా తిరిగిపోతున్న బళ్ళు చాలానే ఉన్నాయి. ఆగిన ప్రతిసారీ లక్ష్మీనరసమ్మ ముందు సీటు అంచు పట్టుకుని ముందుకు వంగేది. తొమ్మిదికి చేరవలసిన కారు పదింటికి చేరింది. సందు మొదట్లో, లోపల ఇరుకని సోములు ఆపేశాడు. సందు చివర తల్లి ఇంటి ముందు నలుగురు మగవాళ్ళు వెదుళ్ళు కోస్తున్నారు.

ఆమె దిగి నడిచింది. పరుగెత్తలేదు. పరుగెత్తడానికి ఇంకేం మిగిలింది?

పక్కింటి అసిరమ్మ ఎదురొచ్చి ఆమెను పట్టుకుంది. "నిన్న దీపాలెట్టే ఏలకి పోనాదమ్మా. రైలు కూతేసినప్పుడల్లా నరసొచ్చిందేటి అనడిగింది. పేసింజరు కూత ఇని లేపి కూకోబెట్టమంది, తల దువ్వమంది. నాను దువ్వితే, నువ్వు కాదే, నరస దువ్వుతాది అనేసింది. లక్ష్ముడొక్కడే వచ్చేడు. కారులో రేపొస్తాదటమ్మా, సంత బళ్ళు అడ్డమటమ్మా అని సెప్పేం. అలాగా అని పడుకుంది. కాసేపాగి..." అసిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"సెప్పు పిన్నీ. ఏటంది?"

"కారుకి దెబ్బేటీ తగల్లేదు గదా అనడిగింది. లేదమ్మా అన్నాను. మరింక మాటాడలేదు."

లక్ష్మీనరసమ్మ తల్లి పక్కన కూలబడింది. తల సగం దువ్వి ఉంది. ఒకవైపు జుట్టు నున్నగా, రెండోవైపు చిక్కులు చిక్కులుగా... ఆమె దువ్వెన అడిగి తీసుకుని ఆ రెండో వైపు చిక్కులు తీసింది. ఒక్క వెంట్రుక తెగకుండా తీసింది. ఇదివరకు దువ్వెన తగలగానే ఆ మెడ ఇటు వాలేది. ఇప్పుడు తనే వాల్చవలసి వచ్చింది. ఆ చల్లటి మెడ చేతికి తగిలినప్పుడు, అప్పటి దాకా రాని ఏడుపు ఒక్కసారిగా పెల్లుబికింది.

నారాయణమ్మకు కొడుకుల్లేరు. లక్ష్ముడు కుండ పట్టుకున్నాడు. పాడెకు ఒక భుజం అల్లుడు పట్టాలని అందరూ అనుకున్నారు. పాడె లేచి సందులో నడిచింది. ఆడవాళ్ళు ఏడుస్తూ సందు మొదటిదాకా వెనక వెళ్ళారు. సందు మొదట్లో ఒక వైపు మట్టిగోడ, రెండో వైపు కారు. సోములు తాళం జేబులో వేసుకుని టీకి పోయాడు. ఉన్న దారిలోంచి పాడె పట్టాలంటే వెదురు కొసలు కారు తలుపుకు రాసుకోక తప్పదు.

"బావా, ఇటొచ్చి బుజం పట్టు" అన్నాడు లక్ష్ముడు.

జగన్నాధం రాలేదు. రెండు చేతులూ చాపి, వీపు కారు తలుపుకు ఆనించి నిలబడ్డాడు. ఆలోచించి చేసిన పని కాదది. ఏడు నెలల అలవాటు ఆయన చేతుల్ని అలా చాపించింది. వెదురు కొస ఆయన చొక్కాను గీరి, గుండీ ఒకటి తెంపి ముందుకు సాగింది. రేకుకు ఏమీ కాలేదు. పాడె దాటిపోయాక ఆయన తలెత్తేసరికి ఎదురుగా భార్య నిలబడి ఉంది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండునని ఆయన తరవాత చాలా రోజులు అనుకున్నాడు. ఆయన చేతులు మెల్లగా కిందికి దిగాయి. పాడె వెనక పరుగెత్తి వెళ్ళాడు గాని, అప్పటికే నాలుగు భుజాలూ నిండిపోయి ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆమె ఆయనతో అంది. "మీరెల్లండి. పన్నెండో నాటి పెదకార్యం అయ్యాక రైల్లో వస్తాను."

ఆయన పరువు మాట ఎత్తలేదు. పెదకార్యానికి తనే పేసింజర్లో వచ్చి, పంక్తి చివర కూర్చుని తిని, సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

పదమూడో రోజు మధ్యాహ్నం లక్ష్మీనరసమ్మ చీపురుపల్లిలో రైలు దిగింది. స్టేషను బయట జట్కాల మధ్య, నార బళ్ళ మధ్య కారు నిలబడి ఉంది. దాని పక్కలకు గోనెల్లేవు. జగన్నాధం పన్నెండు రోజుల్లోనే చిక్కిపోయాడు. ఆమె చేతిలోని మూట అందుకుని వెనక తలుపు తీయబోయాడు.

"పూరా తియ్యకండి. పక్కన బండున్నాది, తగుల్తాది" అంది ఆమె. ఆ మాట దానంతటదే ఆమె నోట వచ్చింది. సందులోంచి దూరడానికి ఒంటిని పక్కకు తిప్పుకుంది కూడా.

ఆ మాట విని జగన్నాధం తలుపును ఎంత వస్తే అంత తెరిచాడు. తలుపు వెళ్ళి బండి ఇరుసుకు గట్టిగా కొట్టుకుంది. జట్కావాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన చూడలేదు.

"ఎక్కు" అన్నాడు. "నువ్వెప్పుడు ఎల్తానన్నా సరే... సంత రోజైనా సరే... కారు తీస్తాను. నాదే తప్పు. నువ్వు కోటబొమ్మాళి ఎప్పుడెల్తానంటే అప్పుడే..."

"ఎవరున్నారండీ అక్కడ?" అంది లక్ష్మీనరసమ్మ.

దెప్పడానికి అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. తలుపు పట్టుకున్న ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు గడ్డం మీదికి దిగాయి. సంత విడిచాక సరుకు తెచ్చినవాడి మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్ళు నార వర్తకుడి ఇంట్లో కాపురం చేసింది. అలాంటివాణ్ణి తిట్టి లాభం లేదు, ఓదార్చీ లాభం లేదు. ఇంటికి తీసుకుపోయి కాళ్ళకు నీళ్ళివ్వాలి, అంతే.

"రండి. ఎండలో నిలబడకండి" అని, ఆమె సీటులో అవతలికి జరిగి ఆయనకు చోటిచ్చింది. ఆయన ఎక్కి కూర్చున్నాడు. సోములు కారు కదిలించాడు. ఇల్లు చేరే దాకా ఇద్దరూ చెరో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.