నర్సవ్వ బిందెలు

అయినా సముద్రం బీదర్‌కు రావాలంటే ఎంత అలసిపోవాలి. విజయవాడ దాటాలి, హైదరాబాద్ దాటాలి, జహీరాబాద్‌లో ఆగి చాయ్ తాగాలి, ఆ తర్వాత మెల్లగా రెండు వేల అడుగుల ఎత్తెక్కాలి. అంత దూరం వచ్చాక దానికి కోపం మిగులుతుందా?

ఆరో తరగతి గదిలో చార్టు పట్టుకుని నిలబడ్డ సోనాలి మనసులో ఇవే తిరుగుతున్నాయి. చార్టు మీద మూడు పెద్ద తుఫాన్లు ఉన్నాయి. 1970లో భోలా, 1977లో దివిసీమ, 1999లో ఒడిశా. ఎన్ని ఊళ్లు మునిగాయో, ఎన్ని వేల మంది పోయారో చదివింది. ఎవరూ వినడం లేదు. వెనక బెంచీలో శివరాజ్ ఆవలించాడు.

ఆ ఆవలింత ఆమెను గుచ్చింది. ఎలాగైనా వీళ్లను తన వైపు తిప్పుకోవాలి. అప్పుడే పక్కింటి నర్సవ్వ గుర్తొచ్చింది.

నర్సవ్వ అసలు పేరు హేబ్సిబా. సొంతూరు దివిసీమలో. నర్సు ఉద్యోగానికి బీదర్ వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయింది. సోనాలికి చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆమెది. తుఫాను వార్త వింటే చాలు, ఆమె అటక మీద రెండు ఖాళీ బిందెలు పెడుతుంది. మోకాళ్లు నొప్పులని మూలుగుతూనే స్టూలెక్కి దిగి, చెంబు చెంబుగా మంచినీళ్లతో వాటిని నింపుతుంది.

సోనాలి చార్టు పక్కన పెట్టి బెంచీ ఎక్కింది. ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేత్తో లేని చెంబును పైకెత్తింది. "అమ్మో, నా మోకాళ్లు" అంది నర్సవ్వ గొంతుతో. తర్వాత తన గొంతుతో, "ఇంత ఎత్తుకు సముద్రం ఎందుకొస్తది అవ్వా, అంటే వినదు" అంది.

గదంతా నవ్వింది. శివరాజ్ కూడా. ఆ నవ్వు బెల్లంలా ఉంది. సోనాలి ఇంకోసారి దిగి ఎక్కింది. అప్పుడు తలుపు దగ్గర నర్సవ్వ కనబడింది.

ఆమె చేతిలో సోనాలి మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఉంది. ఆమె కూడా కొంచెం నవ్వింది. డబ్బాను మహాదేవి టీచర్‌కిచ్చి, గొడుగు విప్పుకుని గేటు వైపు నడిచింది. తిట్టి ఉంటే బాగుండేదని సోనాలికి అనిపించింది.

సాయంత్రానికి ముసురు పట్టింది. బంగాళాఖాతంలో తుఫాను ఉందని టీవీలో చెప్పారు. నాన్న తన సొంతూరు దుబల్‌గుండికి ఫోన్ చేసి, చేలో కంది ఎలా ఉందో కనుక్కుంటున్నాడు. అమ్మ రెండు జొన్నరొట్టెలు గిన్నెలో పెట్టి, నర్సవ్వకు ఇచ్చి రమ్మంది.

కాళ్లు నొస్తున్నాయంది సోనాలి.

"నొప్పులు నర్సవ్వకు గదనే, నీకెక్కడివి? అంత నొప్పిల గూడ పొద్దుగాల నీ డబ్బ పట్టుకొని వానల నడిచింది. పో" అంది అమ్మ. ఆమెకు జరిగింది తెలియదు.

నర్సవ్వ ఇంట్లో అటక ఖాళీగా ఉంది. బిందెలు రెండూ గోడవారగా బోర్లించి ఉన్నాయి.

"అవ్వా, తుఫాన్ వస్తుందంటున్నరు. బిందెలు పెట్టలేదా?"

"ఇంత ఎత్తుకు సముద్రం ఎందుకొస్తుందమ్మా" అంది నర్సవ్వ.

అందులో దెప్పిపొడుపు లేదు. నర్సవ్వ నిజంగానే సిగ్గుపడుతోంది. అదే సోనాలికి భరించరానిదిగా ఉంది. రొట్టెల గిన్నె అవ్వ ముందు పెట్టి అడిగింది. "మరి ఇన్నేండ్లు ఎందుకు పెట్టినవ్?"

నర్సవ్వ రొట్టె తుంచింది కానీ నోట పెట్టుకోలేదు. దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. తమ్ముడు జయానందానికి ఐదు. ఇద్దరూ బడి డాబా మీద మిగిలారు. చుట్టూ కనుచూపు మేర నీళ్లే. బావులు కూడా ఉప్పగా మారిపోయాయి.

"వాడు దాహం, దాహం అన్నాడు. అన్ని నీళ్లలో తాగడానికి గుక్కెడు లేవు. రెండో రోజు పడవలో మంచినీళ్లొచ్చాయి. అప్పటికి వాడు అడగడం మానేశాడు."

కిటికీ బయట వాన సన్నగా పడుతోంది.

"సముద్రం రాదని నాకూ తెలుసు తల్లీ. ఆ బిందెలు నిండితే గానీ నాకు కన్ను మూతపడదు. అంతే."

సోనాలి లేచి స్టూలు జరిపింది. ఒక బిందెను తిరగేసి, తుడిచి, అటక మీద పెట్టింది. దిగి మంచినీళ్ల తొట్టిలో చెంబు ముంచింది. నర్సవ్వ వచ్చి స్టూలు కదలకుండా పట్టుకుంది.

మొదటి చెంబు నీళ్లు ఖాళీ బిందె అడుగున గట్టిగా మోగాయి. సోనాలి రెండో చెంబుకు దిగింది.