రేకులకు కుట్టిన రజాయి

పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవేను కోసుకుపోయిన వరద వచ్చింది కదా, ఆ తర్వాత రెండో వేసవిలో జరిగింది ఇది.

నా పేరు పీర్ సాహెబ్. మైపాడు రోడ్డులో మాది దూదేకే షాపు. పరుపులు, దిండ్లు, రజాయిలు కుడతాం. అప్పుడు నాకు అరవై నాలుగేళ్ళు. షాపులో దూది పని నాది, మాట పని నా కూతురు నజ్మాది. బేరానికి వచ్చినవాళ్ళు నన్ను మూగవాడనుకుని చేతులతో సైగలు చేసిన రోజులున్నాయి. నా భార్య పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత మాట మరీ తగ్గింది.

ఒకప్పుడు ఎండాకాలం వస్తే మాకు పనే ఉండేది కాదు. ఏసీలు వచ్చాక జనం గదిని వణికేంత చల్లగా పెట్టుకుని, పైన రజాయి కప్పుకుని పడుకుంటున్నారు. మే నెలలో కూడా రజాయిలు అమ్ముడవుతున్నాయి. అందుకని ఎక్కడ ఏసీ కనిపించినా మనసులో ఒక సలాం పెట్టుకుంటాను.

జైతూన్‌బీ మా షాపుకు మొదటిసారి పోట్లాటకే వచ్చింది.

మైపాడులో పసిబిడ్డలకు నీళ్ళు పోసే మనిషి ఆమె. మోకాళ్ళ నొప్పి మొదలయ్యాక ఇళ్ళకు తిరగడం మానేసింది. తల్లులే బిడ్డలను ఎత్తుకుని ఆమె ఇంటికి వస్తారు. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు, అస్మా, బిట్రగుంటలో కాపురం.

వస్తూనే ఒక చిన్న రజాయిని నా ముందు పడేసింది.

"దీన్ని బిడ్డకు కుట్టినారా, గేదెకు కుట్టినారా? ఒళ్ళంతా చెమటకాయలు నేను నీళ్ళు పోసే పసిదానికి."

నేను రజాయి తీసుకున్నాను. ఒక పక్క కుట్టు విప్పి, సగం దూది లాగేసి, మిగతాది మళ్ళీ ఏకి నింపి కుట్టాను. అరగంట పట్టింది. ఆమె అంతసేపూ నిలబడే ఉంది.

"పోట్లాడదామని ఇంత దూరం వచ్చినా. ఒక్క మాటన్నా అనరా మీరు?"

"తప్పు నాదే," అన్నాను.

ఆమెకు ఇక పోట్లాడటానికేం మిగల్లేదు. నవ్వి దూది మూట మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. గాలిలో తేలుతున్న దూది పింజ ఒకటి వచ్చి ఆమె కనురెప్ప మీద వాలింది. దాన్ని ఊదుకోవడానికి కింది పెదవి ముందుకు పెట్టింది. ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించడానికి నాకు నాలుగు సార్లు పట్టింది. చత్వారం అని నజ్మాతో అన్నాను.

అప్పటినుంచి నెలకోసారి ఏదో ఒక పని పెట్టుకుని వచ్చేది. దిండు గట్టిగా ఉందని ఒకసారి, మెత్తగా ఉందని ఒకసారి. ఆమె మాట్లాడేది, నేను వినేవాడిని. పోయిన వేసవిలో నీళ్ళ పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయిందట. పైన రేకులు, కింద పొయ్యి, మధ్యలో పొగ. ఈ పని ఇక మానేసి వచ్చెయ్యమని అస్మా పోరు పెడుతోందని, ఈ ఎండలకు తట్టుకోలేకపోతే బిట్రగుంట వెళ్ళిపోక తప్పదని చెప్పింది. ఆ మాట విన్న రోజు నేను అన్నం సరిగా తినలేదు. ఎందుకని నజ్మా అడిగింది. కూరలో ఉప్పెక్కువైందన్నాను. ఉప్పు వెయ్యడమే మర్చిపోయిందట ఆ పూట.

నజ్మాకు నాకంటే ముందే అర్థమైంది. ఒకరోజు దిండు గలీబులు మడతపెడుతూ అంది:

"ఊళ్ళో మొగోళ్ళందర్నీ అన్నా అంటది ఆమె. నిన్నొక్కణ్ణే సాయిబుగారూ అంటది. గమనించినావా నాయనా?"

గమనించలేదు. ఆ తర్వాత అదొక్కటే గమనించడం మొదలుపెట్టాను.

ఏప్రిల్‌లో ఆమె వచ్చి రెండు డబుల్ కాట్ రజాయిలు కావాలంది. మంచి దూది పెట్టమంది, త్వరగా కావాలంది. ఎందుకో చెప్పలేదు.

మా షాపులో డబుల్ రజాయిలు రెండు అంటే అర్థం ఒకటే. పెళ్ళి. ముప్పై ఏళ్ళుగా ఎంతోమంది పెళ్ళిళ్ళు పత్రిక అచ్చుకాకముందే నాకు అలాగే తెలిశాయి. ఆమె ఒక్కతే ఉంటుంది. ఆమెకు ఉన్నది నులక మంచం.

అదే వారంలో తాజుద్దీన్ బండి ఆమె ఇంటి ముందు రెండుసార్లు కనిపించిందని విన్నాను. తాజుద్దీన్‌కు నెల్లూరులో ఏసీల షాపుంది. అతనికీ భార్య లేదు. జుట్టుకు నల్లరంగు, చొక్కా జేబులో దువ్వెన. షాపు ముందు ఆగి, మైపాడు గాలి ఒంటికి బాగా పడుతోందని, రోజూ రావాలనిపిస్తోందని నజ్మాతో చెప్పి పోయాడు. మంచివాడే. మంచివాడు కావడమే నాకు బాధగా ఉండింది.

ఆ రజాయిలు కుట్టడానికి ఇరవై రోజులు చేశాను. రెండు రోజుల పని అది. కుట్టింది విప్పేవాణ్ణి, విప్పింది కుట్టేవాణ్ణి. ఆమె ఫోన్ చేసి నజ్మాను తిట్టింది. నజ్మా నన్ను తిట్టింది. పెళ్ళంటే పెళ్ళి, ఆమె బిట్రగుంటకైతే పోదు కదా, పొగలో పడిపోకుండా ఎవరో ఒకరు చూసుకుంటారు కదా అని మనసుకు చెప్పుకుని, ఒక మధ్యాహ్నం రెండింటినీ ఆటోలో వేసుకుని వెళ్ళాను.

ఆమె ఇంట్లో నిచ్చెన వేసి ఉంది. పైన తాజుద్దీన్. కింద ఆమె.

"తాజుద్దీనన్నా, జారతావు, పట్టుకో," అంటోంది ఆమె.

అన్నా అంది. నేను గుమ్మంలోనే ఆగి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. రజాయిలు బరువని ఆమె అనుకుంది.

అప్పుడు తెలిసింది సంగతి. ఆమె ఇంటిని చల్లబరుచుకోవడానికి తాజుద్దీన్ రెండు దారులు చెప్పాడట. మొదటిది మామూలు ఏసీ. గదిలో వేడిని లాగి బయట సందులోకి ఊదేస్తుంది. రెండోది హీట్ పంప్ అట. అదీ గదిలో వేడినే లాగుతుంది, కానీ సందులో పారబొయ్యదు, నీళ్ళ ట్యాంకులో పెడుతుంది. ఒకటే మిషను, గది చల్లన, నీళ్ళు వేడి. నెల్లూరు ఎండల్లో హీట్ అని పేరున్న మిషను ఎవరైనా కొంటారా అని వీధిలో అందరూ నవ్వారట. వేరే ఇంటికైతే తనూ ఏసీయే చెప్పేవాణ్ణని తాజుద్దీన్ అన్నాడు. కానీ ఈమెకు రోజూ వేడినీళ్ళు కావాలి. ఏసీ పెడితే గది చల్లబడుతుంది, పొయ్యి, పొగ అలాగే ఉంటాయి.

చిక్కల్లా రేకులు. అతని దగ్గర ఉన్న హీట్ పంప్ ఒక టన్నుది, అంతకన్నా పెద్దది రాదు. మధ్యాహ్నానికి పెనంలా కాలే రేకుల కింద అది చాలదు. రేకుల వేడిని ఆపితేనే అది పెడతానని, లేకపోతే ఒకటిన్నర టన్ను ఏసీ తీసుకోమని చెప్పాడు. పొగ పోకపోతే ఏ మిషనూ వద్దు, బిట్రగుంటకే పోతానని ఆమె అంది. మళ్ళీ ఆమెకే తట్టింది, వేడి ఆగాలంటే రేకుల కింద రజాయిలు కట్టేస్తే పోలేదా అని.

నేను పైకి చూశాను. నా రజాయిల్ని చూశాను. ఎర్ర పూలు, బంగారు రంగు అంచు. పెళ్ళికూతురి మంచం మీద వెయ్యాల్సినవి. నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. గోడకు ఆనుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. నేనంత నవ్వగలనని వాళ్ళిద్దరికీ తెలియదు. నాకూ తెలియదు.

"ఎందుకు నవ్వుతుండారు?" ఆమెకు కోపం వచ్చింది. "మీరు ఇరవై రోజులు తినేసినారు. నేను అస్మాకు చెప్పేసినా, ఈ నెలాఖరుకు వస్తానని."

నవ్వు ఆగిపోయింది.

"ఇవి పనికిరావు," అన్నాను. "వేరేవి కుడతాను. పోవద్దు."

చివరి మాట నేను అనాలని అనలేదు. వచ్చేసింది. తాజుద్దీన్ నిచ్చెన మీదే జేబులోంచి దువ్వెన తీసి, దేని గురించో ఆలోచిస్తున్నవాడిలా తల దువ్వుకున్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

తర్వాత పదకొండు రోజులు నేను ఆ ఇంట్లోనే పని చేశాను. రజాయిలో దూది ఉబ్బితే మనిషికి వెచ్చన. అదే దూది రేకుల కింద పెడితే వేడి కిందికి దిగదు. కానీ రేకులకు తాకకూడదు, జానెడు సందు ఉండాలి. వెదురు బద్దలతో చట్రాలు కట్టించాను. కోరా గుడ్డను, దూదిని పటిక నీళ్ళలో నానబెట్టి ఆరేశాను, నిప్పు త్వరగా అంటుకోకుండా. కరెంటు వైర్లన్నీ తాజుద్దీన్ గొట్టాల్లో పెట్టి పక్కకు తప్పించాడు. ఆ గుడ్డలో ఆ దూది నింపి రజాయిలు కుట్టి, చట్రాలకు బిగించుకుంటూ పోయాను. వాననీరు కారే చోట్లు ఆమె చూపించింది, ముందు వాటిని మూశాం.

పొద్దున బిడ్డల స్నానాలు. ఒక మూల నేను నిచ్చెన మీద, ఇంకో మూల ఆమె కాళ్ళు చాపుకుని వాటి మీద పసిబిడ్డ. ఆమె బిడ్డతో మాట్లాడేది, నిజానికి నాతో మాట్లాడేది. "చూసినావా బంగారం, పైన ఒక సాయిబు వేలాడతాండాడు, మాట్లాడడు, పడిపోయినా చెప్పడు." బాలింతలు ముసిముసిగా నవ్వేవాళ్ళు. మధ్యాహ్నం ఆమె చేపల పులుసు పెట్టేది. ఉప్పు సరిపోయిందా అని అడిగితే తల ఊపేవాణ్ణి. నా బతుకులో అంత మంచి పదకొండు రోజులు ఎప్పుడో గాని రాలేదు.

పన్నెండో రోజు మిషను పెట్టారు. బయట సముద్రపు గాలి కూడా ఆగిపోయిన ఎండ. రెండు గంటలయ్యేసరికి గదిలో చెమట ఆరింది. మూడింటికి తాజుద్దీన్ ట్యాంకు కుళాయి తిప్పి ఆమెను చెయ్యి పెట్టి చూడమన్నాడు. ఆమె మోచేయి పెట్టింది. బిడ్డల నీళ్ళు ఆమె మోచేతితోనే చూస్తుంది. చాలాసేపు అలాగే ఉంచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఉన్న కట్టెలన్నీ బయట పెట్టేసింది.

తాజుద్దీన్ సామాను సర్దుకున్నాడు. పెద్ద ఏసీ అంటగట్టి పోయి ఉండొచ్చు అతను. పోలేదు. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, సాయిబుగారికి గదిలో ఇంకా పని మిగిలినట్టుందని ఆమెతో చెప్పి బండెక్కాడు. అతని మేలు ఈ జన్మకు మరవను.

పనేం మిగల్లేదు. కత్తెర, సూదులు సంచిలో వేసుకున్నాను. రేపటినుంచి ఈ గడప తొక్కడానికి నాకు సాకు లేదు. గుమ్మం దాకా వచ్చాను.

"అస్మాకు ఫోన్ చేసినా," ఆమె వెనకనుంచి అంది. "రానని చెప్పినా."

నేను ఆగాను.

"ఎందుకు రావని అడిగింది. ఇల్లు చల్లబడింది, పొగ పోయింది అన్నా. అంతేనా అని అడిగింది. ఏం చెప్పాలో తెలీలా. అంతేనా సాయిబుగారూ?"

ఆమె చేతులు కొంగును పిండుతున్నాయి. బిడ్డల్ని అంత గట్టిగా పట్టుకునే చేతులు.

"అంతే కాదు," అన్నాను. "నాకు రోజూ రావాలనుంది. వచ్చి ఉండిపోవాలనుంది. నిన్ను నిఖా చేసుకోవాలనుంది."

ఆమె నా చేతిలో సంచి తీసుకుని నులక మంచం మీద పెట్టింది. మాటలన్నీ ఆ పూటకు నాకిచ్చేసినట్టుంది.

"ఇంత మాట ఒక్కసారిగా ఎప్పుడన్నా మాట్లాడినారా?" అంది చివరికి.

"లేదు."

"అయితే ఇంకోసారి మాట్లాడాల. నా బిడ్డ దగ్గర. ఆమె సరే అంటే నాకు సరే."

ఇంటికి వచ్చి నజ్మాతో చెప్పాను. నజ్మా ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. వాళ్ళమ్మ ఉంటే ఏమనేదో అని నేను భయపడుతుంటే, ఎనిమిదేళ్ళుగా అమ్మ కూడా ఇదే కోరుకుంటూ ఉంటుందని అది అంది. బిట్రగుంటకు తానూ వస్తానంది, మాట్లాడటం తన పని కదా అంది.

మరునాడు పొద్దున ఫజర్ నమాజు చేసి, అల్లాకు షుక్రియా చెప్పుకుని, ఉతికిన లుంగీ, తెల్ల చొక్కా వేసుకున్నాను. నజ్మాను షాపులోనే ఉండమన్నాను. ఒక్కణ్ణే ప్యాసింజరెక్కి బిట్రగుంటలో దిగి, రైల్వే కాలనీలో అస్మా ఇల్లు కనుక్కున్నాను. తలుపు తీసిన అమ్మాయి ముందు టోపీ సరిచేసుకుని, "మీ అమ్మను నాకిచ్చి నిఖా చెయ్యమని అడగడానికి వచ్చినానమ్మా," అన్నాను.