పాటల గదిలో ఎర్ర దారం

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు పట్టాల పక్కన ఒక గది ఉండేది. పొద్దుగూకితే దాని ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదు.

సాయంత్రం బండి దిగినవాళ్లు, ఇల్లు ఎదురుగా కనిపిస్తున్నా సరే, చెప్పులు చేత పట్టుకుని బురదలో గోదాము చుట్టూ తిరిగి పోయేవారు. ఆటోవాళ్లయితే అక్కడికి రాగానే హారన్ మీద నుంచి చెయ్యి తీసేవారు కాదు. ఎందుకంటే... ఆ గది మూలిగేది.

గుంయ్‌... అని. ఎవరో నోరు మూసుకుని రాగం తీస్తున్నట్టు.

నా పేరు పోశాలు. పాలకుర్తిలో మైక్‌సెట్టు నడుపుతాను. ముప్పై ఏళ్లుగా పెళ్లి మోతలూ చావు మోతలూ విన్న చెవులివి. ఆ గుంయ్ ఎక్కడిదో నాకు తెలుసు. గది గోడ పక్కనే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఆ మూలుగు దానిదే. ఈ మాట ఎందరికో విడమరిచి చెప్పాను. చెప్పి, చీకటి పడ్డాక నేనూ గోదాము చుట్టూ తిరిగే పోయాను. నవ్వితే నవ్వండి.

ఆ గదిలో చచ్చిపోయినవాడు శ్యాం. ఆ మూలుగు అతని దయ్యానిదే అని ఊరి నమ్మకం.

ఒకప్పుడు అది పక్కనున్న ప్రార్థన మందిరం వాళ్ల పాటల గది. శ్యాం అక్కడ గిటార్ వాయించేవాడు. వెనకటికి ఎవరో పరదేశపు పాదిరి వదిలేసి పోయిన గిటార్ ఆంప్లిఫయర్ ఒకటి వాళ్ల దగ్గర ఉండేది. గాజు వాల్వులది, ఇద్దరు మోయాల్సినంత బరువు. స్విచ్ వేస్తే ఆ వాల్వులు ఎర్రబడటానికే అర నిమిషం పట్టేది. ఆ తర్వాత వచ్చే మోత ఉందే... ఇప్పటి డబ్బాలు పది కలిపినా రాదు.

తొమ్మిదేళ్ల కింద, క్రిస్మస్‌కు ముందు రోజు సాయంత్రం, శ్యాం తీగల మీద చెయ్యి పెట్టి, పాడటానికి మైకు దగ్గరికి మూతి తెచ్చాడు. అంతే... షాక్ కొట్టింది. దవాఖానకు చేర్చేసరికి ప్రాణం లేదు.

"తాగి ఉన్నడు. నా ముక్కుకు వాసన కొట్టింది," అన్నాడు రాజమల్లు.

రాజమల్లు జనగామలో పాత రేడియో మెకానిక్కు. ఆ ఆంప్లిఫయర్ బాగుచేసేది ఆయనే. మా మైక్‌సెట్టు వాళ్లందరికీ ఉస్తాద్. పద్మశాలుల ఇంట్లో మగ్గం పక్కన పెరిగిన మనిషి కాబట్టి, వైరు కొసలకు టేపు చుట్టేవాడు కాదు. ఎర్ర నూలు దారం చుట్టి, మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి వేసేవాడు. "టేపు ఎండకు జారుతది, నా ముడి జారది," అని మురిసేవాడు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఏ డబ్బా విప్పినా, ఆ ముడి కనిపిస్తే ఇది ఉస్తాద్ పని అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం.

అలాంటి మనిషి మాట. నమ్మాం. తాగి, తడి చేతులతో ముట్టుకున్నాడని ఊరూరా చెప్పుకున్నాం. నేనయితే ఇంకో అడుగు ముందుకేసి, నాకూ వాసన వచ్చిందన్నాను. సిగ్గు లేకపోతే సరి, ఆ రోజు నేను అక్కడ లేనే లేను!

శ్యాం భార్య మంజుల. తాగుడు మానేస్తానని ఆమె ఎదుట బైబిలు మీద చెయ్యి పెట్టి మాట ఇచ్చాడు శ్యాం. రెండేళ్లు చుక్క ముట్టలేదు. అందుకే ఆమెకు చావు ఒక దెబ్బ అయితే, ఆ వాసన మాట అంతకంటే పెద్ద దెబ్బ. "నన్ను మోసం చేసి పోయిండు," అంది. సమాధుల పండుగకు అందరూ పోయి తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు కదా. తొమ్మిదేళ్లుగా శ్యాం సమాధి ఒక్కటే చీకట్లోనే ఉంది.

మంజుల తమ్ముడు సంపత్. చిన్నప్పటి నుంచి రాజమల్లు దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇప్పుడు ఆ దుకాణం నడిపేది అతనే. ఇక చెప్పబోయేది అతనికి జరిగింది. అతని నోటి నుంచే విన్నాను.

మొన్న వానకాలంలో పట్టాల పని కోసం ఆ గదిని కూలగొడతామన్నారు. లోపలి సామాను తీసుకుపొమ్మని మందిరం పెద్దలు సంపత్‌కు కబురు పెట్టారు. పోయే ముందు ఉస్తాద్‌కు ఒక మాట చెప్పాడు.

"డబ్బ ఇప్పకు బిడ్డా," అన్నాడు రాజమల్లు. "తాడేసి గుంజి తుక్కుల పడెయ్. దాన్ల వాడున్నడు."

ముసలాయన చాదస్తం కాబోలు అనుకున్నాడు సంపత్.

రాత్రి ఏడు దాటింది. సన్నగా వాన. తాళం తుప్పు పట్టి పోయింది, రాయితో కొడితే ఊడింది. లోపల ఎలుకల కంపు. మూలన ఆంప్లిఫయర్... ఎదుటి గోడకు, మేకు మీద, శ్యాం గిటార్. ఒకదానికొకటి కలిపే కార్డు కూడా పీకలేదు. తొమ్మిదేళ్లు ఎవరూ చెయ్యి వెయ్యలేదు. భయం అంత పని చేసింది.

పెట్టెను ఈడ్చుకుని పోవచ్చు. కానీ మెకానిక్కు బుద్ధి ఊరుకోదు కదా. ఒక్కసారి మోగితే చూడాలనిపించింది. గదిలో కరెంటు ఇంకా ఉంది. మధ్యలో ఒక బల్బు కలిపాడు. లోపల ఏదైనా కాలి ఉంటే ఆ బల్బు భగ్గున వెలిగి ముందే చెబుతుంది. స్విచ్ వేశాడు.

బల్బు కొంచెంగా వెలిగింది. వాల్వులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి...

గుంయ్‌...

బయటి ట్రాన్స్‌ఫార్మర్ కాదు. ఇది గది లోపల.

"ఉరుకుదామనుకున్న అన్నా," అన్నాడు సంపత్ నాతో. "కని ఉస్తాద్ నేర్పిన పని, చెయ్యి ఊకోలే."

సౌండు పూర్తిగా తగ్గించాడు. మూలుగు పోయింది. పెంచాడు... వచ్చింది. అంటే పెట్టెలో పుట్టింది కాదు, గిటార్ దిక్కు నుంచి వస్తోంది. చెక్క పీట మీదికి ఎక్కి, వేళ్ల వెనకవైపుతో మెల్లగా గిటార్ తీగలను తాకాడు.

ఠక్కున ఆగిపోయింది.

చెయ్యి తీశాడు — గుంయ్‌... పెట్టాడు — నిశ్శబ్దం. మనిషి చెయ్యి పడితే ఊరుకుంటోంది, తీస్తే మూలుగుతోంది. ఇందులో వింత లేదు, గిటార్ల గుణమే అంత. మా పనివాళ్లందరికీ తెలుసు. కానీ వేళ్ల మీద చీమలు పాకినట్టు జివ్వుమంది. అది మాత్రం ఉండకూడదు. టెస్టర్ తీసి తీగకు ఆనించాడు.

టెస్టర్ వెలిగింది.

తీగల్లో కరెంటు! మూతి మైకుకు తగలగానే శ్యాం ఒంట్లోంచి దూకింది ఇదే. అలా మనిషి మీదికి రాకుండా భూమిలోకి పంపడానికే కదా ఎర్త్ వైరు ఉండేది. దుకాణంలో ఉస్తాద్ రోజూ పాడే పాటే అది. "గుంయ్ వస్తే రానీ, ఎర్త్ మాత్రం ముట్టొద్దు. ఎర్త్ కోసినోడు మనిషిని చంపినోడే" అనేవాడు. ఒకసారి ఎర్త్ కలపడం మరిచిపోయినందుకు సంపత్ చెంప పగలగొట్టాడు కూడా.

ప్లగ్గు పీకి, వెనక చెక్క విప్పి, సెల్లు లైటు వేశాడు సంపత్.

ఎర్త్ వైరు పెట్టెకు తగిలి లేదు. నున్నగా కోసి ఉంది. కోసిన కొసను మడిచి, దారం చుట్టి, ముడి వేసి ఉంది...

ఎర్ర దారం.

సంపత్ ఫోను తీసి ఉస్తాద్‌కు కలిపాడు.

"ఉస్తాద్... డబ్బ ఇప్పిన."

ముసలాయన అడగకముందే అందుకున్నాడు.

"ఎర్త్ తెగి ఉంటదిరా... పాతది గద..."

"తెగిన వైరు దారం చుట్టుకుంటదా ఉస్తాద్?"

రాజమల్లు గుసగుసగా చెప్పాడు...

"మైక్‌సెట్టుకు డబ్బ కలిపితె గుంయ్ ఆగలే బిడ్డా. వాల్వు మార్చిన, కార్డు మార్చిన... పోలే. పాట టైమైతుందని శ్యాం ఒకటే పరేషాన్. ఎర్త్ కోసిన. గుంయ్ పోయింది. నన్ను కౌగిలించుకున్నడు... తెల్లారి అతుకుత అనుకున్న."

"మరి వాసన?"

"...రాలే."

"దయ్యం ముచ్చట?"

"నేనే పుట్టిచ్చిన. ఎవడు డబ్బ ఇప్పొద్దని. ఆ ముడి తీసేద్దామని నాలుగు సార్లు తలుపు దాక వచ్చిన. లోపలికి కాలు పడలే."

సంపత్‌కు అన్నం పెట్టిన చెయ్యి అది. స్క్రూడ్రైవర్ పట్టడం నేర్పిన చెయ్యి. "మా బావను నేను తిట్టని తిట్టు లేదు అన్నా," అన్నాడు నాతో, కళ్లు తుడుచుకుంటూ. "అన్ని ఉస్తాద్ ముందల కూసొనే తిట్టిన. తొమ్మిదేండ్లు ఇన్నడు. ఒక్కనాడన్న... ఆగురా అనలే."

ఫోనులో ముసలాయన ఏడుస్తున్నాడు. "మంజులకు చెప్పకు బిడ్డా. జర నా మొకం చూడు..."

సంపత్ ప్లగ్గు గుచ్చి, స్విచ్ వేసి, ఫోను స్పీకర్‌లో పెట్టి గది మధ్యలో నిలబడ్డాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. మూలుగు లేచింది.

"ఇనబడుతుందా ఉస్తాద్? బావ తాగలేదని చెప్పు. ఆయనకు ఇనబడేటట్టు చెప్పు."

గుంయ్‌...

"తీగల మీద చెయ్యి పెట్టు బిడ్డా... దాన్ని ఆపు..."

"చెప్పు!"

"తాగలే... శ్యాం తాగలే. నేనే అబద్ధమాడిన."

మూలుగు ఠక్కున ఆగిపోయింది.

పైకప్పు మీద వాన చప్పుడు ఒక్కటే. ఫోనులో రాజమల్లు నిట్టూర్చాడు.

"ఆపినవా బిడ్డా..."

సంపత్ ఒక చేతిలో ఫోను ఉంది. ఇంకో చేతిలో టెస్టర్ ఉంది. గిటార్ ఎదుటి గోడ మీద, ఆరడుగుల దూరంలో ఉంది. వాల్వులు వెలుగుతూనే ఉన్నాయి.

"నేను... ముట్టలేదు ఉస్తాద్."

అవతల ఫోను కింద పడ్డ చప్పుడు. సంపత్ స్విచ్ తీయలేదు, తలుపు మూయలేదు. అక్క ఇంటిదాకా వానలో పరుగెత్తాడు.

మంజుల గడప మీదే నిలబడి విన్నది. ఒకసారి విని, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నది. ఏడవలేదు. లోపలికి పోయి కొవ్వొత్తి, అగ్గిపెట్టె, గొడుగు తెచ్చింది.

"అక్కా, ఈ వానల... సమాధుల పండుగ దాక ఆగరాదు?"

"తొమ్మిదేండ్లు ఆగిన తమ్మీ."

గాలికి కొవ్వొత్తి నిలవలేదు. గొడుగు సమాధి మీద పట్టి, తాను తడుస్తూ, అగ్గిపుల్లలన్నీ అయిపోయేలోపు ఎలాగో వెలిగించింది. "నువ్వు మోసం చేసినవనుకున్న," అందట. "మోసం చేసింది మేమయ్యా. నీ మీద ఆ మాట అంటే... నేనే నమ్మిన."

ఇది విన్నాక నాకు చాలా రోజులు అన్నం సయించలేదు. రాజమల్లు ముఖం మళ్లీ చూడలేదు, చూడాలనీ లేదు. కానీ ఆయన అబద్ధానికి ఊరూరా మైకు పెట్టింది మేమే కదా. అందులో నా గొంతు ఎంత ఉందో నాకు తెలుసు.

అయినా పాత అలవాటు పోదు. "కార్డు వదులై ఉంటదిరా, అందుకే ఆగింది," అన్నాను సంపత్‌తో.

"నేను గట్లనే అనుకున్న అన్నా. తెల్లారి మళ్ల పోయిన."

తలుపు తీసినట్టే ఉందట. రాత్రంతా వాల్వులు వెలిగాయి. పెట్టె మీద చెయ్యి పెడితే కాలుతోంది. కార్డు లాగి చూశాడు, బిగుతుగా ఉంది. సౌండు చివరిదాకా పెంచాడు. సన్నని బుస తప్ప మూలుగు లేదు. రాత్రి ఎలా ఆగిందో అలాగే ఆగి ఉంది.

సంపత్ తలుపు దగ్గరికి జరిగి నిలబడ్డాడు. ఎందుకు అన్నాడో తనకే తెలియదట, మెల్లగా అన్నాడు —

"బావా... అక్క వచ్చి పోయింది. కొవ్వొత్తి పెట్టింది."

ఒక్క క్షణం...

గుంయ్‌... అని మళ్లీ మొదలైంది.

"చెయ్యి తీసిండన్నా," అన్నాడు సంపత్.